చెల్లెలి జ్వరం

పక్కింటివాళ్ళ నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. తోటి ఉద్యోగికి ప్రమోషన్ వస్తే అన్నం సయించనివాళ్ళుంటారు. నేను మా చెల్లెలి జ్వరాన్ని చూసి కుళ్ళుకున్నాను. దానికి ఆరేళ్ళప్పుడు వచ్చి పోయిన జ్వరం అది. నాకు ముప్ఫై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఆ ఏడుపు మాత్రం నాలో తగ్గలేదు.

మామూలు జ్వరమైతే నేనూ మరిచిపోయేదాన్నే. మా ప్రాంతంలో నమోదైన ఆఖరి మలేరియా కేసు మా చెల్లెలిది. ఆ తరవాత ఎన్ని వేలమంది రక్తం చూసినా ఇక్కడ అంటుకున్న మలేరియా ఒక్కటీ దొరకలేదు. అందుకని దానికి "లాస్ట్ కేసు" అని పేరు పడిపోయింది. ఏటా ఆరోగ్య శాఖవాళ్ళు దాన్ని పిలిచి, చేతికి పూలగుత్తి ఇచ్చి ఫొటో తీసేవారు. ముందు పళ్ళు ఊడిన ఫొటో, బడి యూనిఫారంలో ఫొటో, కాలేజీ బ్యాగుతో ఫొటో, అన్నీ మా ముందు గది గోడ మీద వరసగా ఉంటాయి. అదే గోడ మీద నా ఫొటో కూడా ఒకటుంది. అందులో నేను సగమే ఉన్నాను. మిగతా సగాన్ని దాని వీపు కప్పేసింది.

ఆ జ్వరంతో మా ఇంటి పద్ధతులే మారిపోయాయి. అమ్మ పక్కన మంచం దానిదైంది. వానలో తడవకూడదు కాబట్టి బయటి పనులు నావయ్యాయి. "అది చావుదాకా వెళ్ళొచ్చిన పిల్లే" అనేది అమ్మ. నేను ఎక్కడిదాకానూ వెళ్ళకుండా ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నాకు చీపురు దక్కింది. పెద్దయ్యాక చెల్లి బళ్ళో టీచరైంది. నాకు దొరికిన ఉద్యోగం ఆ మలేరియా ఆఫీసులోనే, రక్తం తీసే ఉద్యోగం. పోయి పోయి దాని జ్వరం దగ్గరే నా జీతం కూడా చేరింది.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో మా ఆఫీసుకి కొత్త లేబరేటరీ, దాంతోపాటు ఒక కొత్త మేడం వచ్చారు. ఎప్పుడు చూసినా చేతిలో గుంటల ప్లాస్టిక్ ప్లేటు ఒకటి ఉండేది కాబట్టి అందరం ఆమెని ప్లేటు మేడం అనేవాళ్ళం. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఈ ప్రాంతంలో మలేరియా లేదని ప్రకటించాలట. లేదని మనం అనుకుంటే చాలదట, రక్తం చెప్పాలట.

"మలేరియా వచ్చి తగ్గాక క్రిమి పోతుంది. కాని దాంతో పోరాడిన గుర్తులు రక్తంలో ఉండిపోతాయి. వాటినే యాంటీబాడీలంటాం," అన్నారు. "పెద్దవాళ్ళలో ఉంటే ఉండనివ్వండి, అది పాత కథ. ఆఖరి కేసు తరవాత పుట్టిన పిల్లల్లో మాత్రం ఉండకూడదు. ఉంటే మనకి తెలియకుండా జబ్బు ఎక్కడో తిరుగుతోందన్నమాట."

"స్లైడు మీద రక్తం చూస్తే తెలిసిపోదాండీ?" అని నేనే అడిగాను.

"స్లైడులో ఇవాళ జబ్బున్నవాళ్ళే దొరుకుతారమ్మాయ్. ఇందులో ఎప్పుడో వచ్చి పోయినవాళ్ళూ దొరుకుతారు."

ఊళ్ళమీద పడేముందు మా చేత ప్రాక్టీసు చేయించాలన్నారు. బయటి నుంచి తెప్పించిన అసలు నమూనాలు పాడుచేయకుండా, మలేరియా వచ్చినవాళ్ళ రక్తం ఒకటి, రానివాళ్ళ రక్తం ఒకటి మనలోనే చూసుకుందామన్నారు. ప్రచారం చూసే ఆఫీసరు కుర్చీలోంచి సగం లేచాడు.

"వచ్చినవాళ్ళకేం కొదవండీ, మన లాస్ట్ కేసు ఉందిగా! నేను ఫొటోగ్రాఫర్ని కూడా పిలుస్తాను."

"మరి రానివాళ్ళు?"

అందరూ నావైపు చూశారు. "ఈమెకేమీ రాలేదండీ, ఈమె చెల్లెలికి వచ్చింది," అని ఎవరో అన్నారు కూడా. చిన్నప్పటి నుంచి నా పరిచయం అదే. రాలేదండీ అని నేనూ తలూపాను. చిన్నప్పుడు మా ఇద్దరి వేళ్ళూ గుచ్చారనీ, దానికే దొరికిందనీ నాకు తెలుసు కదా.

మర్నాడు చెల్లి వచ్చింది. బడికి అరపూట సెలవు పెట్టి, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. దాని వేలు నేనే గుచ్చాను. సూది అవసరమైనంతే దిగిందా, కాస్త ఎక్కువ దిగిందా అన్నది నేను చెప్పను.

"అబ్బా! పగ తీర్చుకుంటున్నావేమే అక్కా?"

"అందరికీ ఇంతే. నువ్వేమైనా ప్రత్యేకమా?"

"నేను లాస్ట్ కేసుని," అని నవ్వింది. ఫొటోగ్రాఫరు ఆ నవ్వునీ తీసుకున్నాడు.

గళ్ళున్న మందపాటి తెల్ల కాగితం మీద దాని చుక్కలు, పక్క కాగితం మీద నా చుక్కలు పడ్డాయి. రెండింటి మీదా లేబుళ్ళు నేనే అంటించాను. ఆరాక వాటిని నానబెట్టి, కడిగి, మందులు పోసి, మళ్ళీ కడిగి, మూడోరోజు మధ్యాహ్నానికి ప్లేటు సిద్ధమైంది. గుర్తులున్న రక్తమైతే గుంటలో నీళ్ళు పసుపుపచ్చగా మారతాయి. లేకపోతే తేటగానే ఉంటాయి. ఫొటోగ్రాఫరు కెమెరా పట్టుకుని చెల్లి గుంట మీదికి వంగాడు.

చెల్లి గుంట కుళాయి నీళ్ళలా తేటగా ఉంది. నా గుంట చిక్కటి పసుపు.

మేడం ప్లేటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. తరవాత నన్ను చూశారు.

"లేబుళ్ళు ఎవరు అంటించారు?"

"నేనేనండీ."

"మార్చేశావు. ఇంత చిన్న పని కూడా..."

"మార్చలేదండీ."

"అయితే ప్లేటే అబద్ధం చెబుతోందా?"

ఆ గదిలో అందరికీ నా సంగతి తెలుసు. చెల్లి ఫొటో కనబడితే నా మొహం ఎలా మాడిపోతుందో ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళే. కావాలనే మార్చిందని వాళ్ళు అనుకుంటున్నట్టు వాళ్ళ మొహాలే చెప్పాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ చెయ్యండి. మీరే గుచ్చండి, మీరే అంటించండి," అన్నాను.

మళ్ళీ చేశారు. మేడమే గుచ్చారు, మేడమే అంటించారు. మళ్ళీ చెల్లిది తేట, నాది పసుపు.

ఈసారి మేడం గొంతు మారింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీ చెల్లెలి రక్తంలో గుర్తులు లేనంత మాత్రాన ఆ పిల్లకి రాలేదని నేను చెప్పలేను. కొందరిలో చెరిగిపోతాయి. నీలో మాత్రం ఉన్నాయి. నీకు మలేరియా వచ్చింది."

"ఎప్పుడండీ?"

"రక్తం తేదీలు చెప్పదమ్మాయ్."

ఫొటోగ్రాఫరు అటూ ఇటూ చూసి, "ఇంతకీ ఎవరి ఫొటో తియ్యాలండీ?" అన్నాడు.

ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. జబ్బు చేసిందని తెలిసి అంత సంతోషపడిన మనిషి ఇంకెవరైనా ఉంటారో లేదో! నాకొచ్చింది. దానికి కాదు, నాకు. వాన జల్లు మొహం మీద పడుతున్నా కిటికీ మూయలేదు.

ఆ జల్లుకే కాబోలు, ఒక పాత మధ్యాహ్నం గుర్తొచ్చింది. నాకు పదకొండేళ్ళు. చెల్లి మంచం మీద అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నేను వంటింటి గోడవార చాప మీద ముడుచుకుని ఉన్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "అమ్మా, చలేస్తోంది," అన్నాను. అమ్మ తలైనా తిప్పలేదు. "చెల్లికి జ్వరమొస్తే నీకూ రావాలా? కుళ్ళు మొహమా! లేచి నీళ్ళు పట్టు," అంది. లేచి నీళ్ళు పట్టాను. బకెట్టు నా చేతుల్లో వణికి సగం నీళ్ళు గడప మీదే ఒలికాయి, దానికీ తిట్లు తిన్నాను. అమ్మ మాట నేను నిజమనే నమ్మాను. కుళ్ళు పుడితే ఒళ్ళు వణుకుతుందని చాలాకాలం అనుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ, గదిలో కట్టిన తాడు మీద ఆరని బట్టలు తిరగేస్తోంది. చెల్లి అద్దం ముందు నిలబడి, ప్రకటన సభలో చెప్పాల్సిన ప్రసంగం బట్టీ పడుతోంది.

"ఆరేళ్ళ పసి వయసులో నేను మృత్యువుతో పోరాడి..."

"మృత్యువుని కాసేపు పక్కన పెట్టవే," అన్నాను. "నీకసలు మలేరియా వచ్చిందో లేదో ఎవరికీ తెలీదు. నాకు మాత్రం వచ్చిందట. రెండుసార్లు చూశారు."

చెల్లి అద్దంలోంచే నన్ను చూసింది. "అదెలా? అప్పుడు ఇద్దరికీ చూశారుగా. నాదాంట్లోనేగా దొరికింది?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

అమ్మ తడి దుప్పటి చేత్తో పట్టుకునే ఇటు తిరిగింది. "ఇద్దరికీ ఎక్కడ చూశారే? రక్తం తీయడానికి వచ్చినాయన ఒక్కటే తీశాడు."

"నా వేలు గుచ్చారు కదమ్మా. నాకు బాగా గుర్తు."

"గుచ్చింది నీ వేలే."

చెల్లీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ మాత్రం నిన్నటి కూర సంగతి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

"జ్వరం దీనికి. ఇదేమో సూది అనగానే ఇల్లెగరగొట్టి మంచం కిందికి దూరింది. తనని చూస్తేనే పిల్ల హడలిపోతోందని ఆయన తలుపవతలే నిలబడ్డాడు. వేలొక్కటి బయటికి పెట్టించండమ్మా, చాలు అన్నాడు. ఇది పెడితేగా! నువ్వు పక్కనే ఉన్నావు. నీ చెయ్యి పట్టుకుని తలుపు సందులోంచి పెట్టాను. పేరడిగితే దీని పేరు చెప్పాను."

"అమ్మా!"

"అరవకే. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే కదా, ఒకటే రక్తం అనుకున్నాను. దీని జ్వరం నీ రక్తంలో కనపడదా ఏమిటి అనుకున్నాను. పైగా కనపడింది కూడాను!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెల్లి అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఉన్నట్టుండి అమ్మ చేతిలోని దుప్పటి జారి కింద పడింది.

"అయితే మందు దీనికి వేశానే! రెండు వారాలు దీని చేతనే మింగించాను. మరి నువ్వు ఎలా బతికావే?"

"నేనెక్కడ మింగానమ్మా?" అంది చెల్లి, ఇంకా నవ్వుతూనే. "నువ్వు మాత్రా, చెంచా చక్కెరా పళ్ళెంలో పెట్టి వంటింట్లోకి వెళ్ళేదానివి. మాత్ర విషం లాంటి చేదు. అక్కేమో ఆ మాత్రా నాకే, చక్కెరా నాకే అనేది. అది మింగేది, నేను వచ్చి నీకు ఖాళీ నోరు చూపించేదాన్ని."

అది నిజమే. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మాత్ర మీద నాకేం ప్రేమ లేదు. చక్కెర దానికి పెట్టి నాకు పెట్టలేదన్న మంట నాది. దానికంటూ పెట్టింది ఏదైనా సరే నాకు కావాలి, చేదైనా సరే. ఆ తరవాత ప్లేటు మేడంతో చెబితే ఆమె నుదురు కొట్టుకున్నారు. చిన్నపిల్లకిచ్చిన మోతాదు నాకు చాలి ఉండదనీ, ఎలాగో గట్టెక్కాననీ అన్నారు. గట్టెక్కించింది నా కుళ్ళే. ఎవరేమన్నా ఆ రోజు నుంచి నా కుళ్ళుని నేను చిన్నచూపు చూడను.

ఆ సాయంత్రం నేను అడగాలనుకున్నది మాత్రం ఇంకా మిగిలి ఉంది. అడిగేశాను.

"ఆ రోజు చలేస్తోందంటే కుళ్ళు మొహమా అన్నావు. నీళ్ళు పట్టమన్నావు. గుర్తుందా?"

అమ్మ కింద పడ్డ దుప్పటి తీసి దులిపింది. మళ్ళీ దులిపింది. "పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది," అని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

తరవాత వారాలన్నీ బురదలో నడిచాం. బడులకి వెళ్ళాం, ఇళ్ళకి వెళ్ళాం. ఇంకా తల్లి రక్తం నుంచి వచ్చిన గుర్తులుంటాయని చంటిపిల్లల్ని మాత్రం వదిలేశాం. కాస్త పెద్దపిల్లలు వేళ్ళు వెనక దాచుకునేవారు. తలుపు సందులోంచి వేలు పెడతాం, ఇక్కడే తీసుకోండి అని ఏ తల్లయినా అంటే నేను తలుపు తోసుకుని లోపలికే వెళ్ళేదాన్ని. "మొహం చూడనిదే గుచ్చనమ్మా," అనేదాన్ని. నాతో వచ్చేవాళ్ళకి నా చాదస్తం అర్థమయ్యేది కాదు.

ఇంట్లో అమ్మ నాతో మామూలుగానే ఉంది. అన్నం పెట్టేది, గొడుగు తీసుకెళ్ళమనేది. ఆ మధ్యాహ్నం ఊసు మాత్రం ఎత్తలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. నీకు నిజంగానే చలేసిందే అని ఒక్కసారి అంటే చాలు. అనలేదు. పైగా చెల్లి తుమ్మితే చాలు, కషాయం కాచేది. అది చూసి నేను గిన్నెలు చప్పుడయ్యేలా తోమేదాన్ని.

చెల్లి చేసిన పని ఇంకా మండించింది. ఒకరోజు మా ఆఫీసుకి వచ్చి, ప్రచారం ఆఫీసరు బల్ల ముందు నిలబడి, "ఆ స్లైడు మీది రక్తం మా అక్కదండీ. స్టేజీ మీద కూర్చోవాల్సింది అదే," అని చెప్పేసింది.

ఆయన తల పట్టుకున్నాడు. "పోస్టర్లు అచ్చయిపోయాయమ్మా! నీ మొహంతో!"

"ఫరవాలేదండీ, మా ఇద్దరి ముక్కూ ఒకటే. దూరం నుంచి తెలీదు."

అది విని ప్లేటు మేడం కూడా నవ్వారు. రోగి మారినా కేసు తేదీ మారదు, ఇల్లూ మారదు, లెక్కకేం నష్టం లేదన్నారు. ఆఫీసంతా చెల్లి మంచితనాన్ని పొగిడింది. ఇన్నేళ్ళూ జ్వరం దగ్గర పెట్టుకుని మార్కులు కొట్టేసింది, ఇప్పుడు ఇచ్చేసి మార్కులు కొట్టేసింది. నేను అడిగి తీసుకోవాలనుకున్నదాన్ని అది ముందే నా చేతిలో పెట్టేసింది. దానితో పోట్లాడే సరదా కూడా నాకు దక్కనివ్వలేదు. అయినా వద్దనలేదు. నేనేం త్యాగమూర్తిని కాను.

వానలు వెనకబట్టే వేళకి ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్ళ గుంటలు అక్కడక్కడా పచ్చబడ్డాయి. పిల్లల ప్లేట్లు ఒకదాని తరవాత ఒకటి తేటగా వచ్చాయి. ఒకే ఒక్క పిల్లాడి గుంట పచ్చబడితే మేడం రెండు రోజులు సరిగ్గా భోజనం చేయలేదు. వాడు కిందటేడే వేరే ప్రాంతం నుంచి వచ్చాడనీ, జ్వరం అక్కడే వచ్చి తగ్గిందనీ, ఆస్పత్రి చీటీ కూడా ఉందనీ తేలాక క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ప్లేట్ల భోజనం చేశారు. మా ప్రాంతంలో పుట్టి పెరిగిన పిల్లల్లో ఒక్కరి రక్తానికీ మలేరియా తెలియదు. ఆ తేట గుంటల్ని వరసగా చూస్తుంటే, ఒక్కసారి మాత్రం, నాకు ఎవరి మీదా కుళ్ళు లేదు.

సభ రోజు నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. నా వెనక చెల్లి మొహం ఉన్న పోస్టరు. పూలగుత్తి ఇచ్చారు. కెమెరాలు మెరిశాయి. ఈసారి ఫొటోలో నేను పూర్తిగా పడ్డాను, ఎవరి వీపూ అడ్డం లేదు. మైకు ముందు నిలబడి, "నాకు వచ్చింది. తగ్గింది. ఇంకెవరికీ రాకూడదు," అన్నాను. బట్టీ పట్టలేదు, అంతకన్నా రాలేదు. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో అందరికన్నా గట్టిగా కొడుతున్నది చెల్లే. ముందు వరసలో ఉంది. దాని పక్కన అమ్మ. చప్పట్లు కొట్టి కొట్టి అది అమ్మ భుజం మీద తల వాల్చింది. అమ్మ చెయ్యి దాని మోకాలి మీద ఉంది. అంత ఎత్తున మెత్తటి కుర్చీలో కూర్చున్నా, నా కళ్ళు మళ్ళీ దాని రేకు కుర్చీ మీదే పడ్డాయి.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాన వెలిసి ఎండ కాయడంతో ఒకటే ఉక్క. పూలగుత్తి బల్ల మీద పడేసి, జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంటే ఫ్యాను కింద మంచం మీద వాలాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. కళ్ళు మూసుకున్నాను.

నుదుటి మీద చెయ్యి పడింది. అమ్మ చెయ్యి. వెల్లుల్లి వాసన వేస్తోంది. అక్కడే కాసేపు ఉంది. తరవాత అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో మెడ కింద చూసింది.

"చలేస్తోందా?" అంది.

కళ్ళు తెరవలేదు. చెమట కణతల మీదుగా చెవుల్లోకి కారుతోంది.

"వేస్తోందమ్మా," అన్నాను.

అమ్మ వెళ్ళింది. అలమర తలుపు చప్పుడైంది. పెద్ద దుప్పటి, చలికాలానికి దాచిపెట్టేది, తెచ్చి పాదాల నుంచి గడ్డం దాకా కప్పింది. అంచులు లోపలికి దోపింది. మంచం పట్టె మీద కూర్చుని నా తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

గుమ్మంలోంచి చెల్లి మమ్మల్ని చూస్తోంది. కాసేపటికి మూతి ముడుచుకుని, "అమ్మా, నాకూ ఒంట్లో ఏదోలా ఉంది," అంది.

అమ్మ తల తిప్పలేదు.

"అక్కకి జ్వరమొస్తే నీకూ రావాలా? వెళ్ళి నీళ్ళు పట్టు."

చెల్లి గొణుక్కుంటూ బకెట్టు తీసుకుని వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. దుప్పటి కింద నేను చెమటతో తడిసి ముద్దవుతున్నాను, అయినా దాన్ని తీయలేదు.